అరవై మూడేళ్ళ కాళ్ళు, రెండొందల కిలోమీటర్లు: తిరుపతి ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

రైడర్ వయసు 63, బరువు 68 కిలోలు. ఒకప్పుడు నెలకోసారి 200, 300 కిలోమీటర్లు తొక్కిన మనిషి. మూడేళ్ళుగా ఆదివారం పూట ఇరవై కిలోమీటర్లు, అదీ ఎవరైనా ఫోన్ చేసి లేపితేనే. సైకిల్ పదేళ్ళ నాటి అల్యూమినియం రోడ్ బైక్, వెనక 8 గేర్లు. జనవరిలో సంక్రాంతికి ముందు తిరుపతిలో బయల్దేరి, చిత్తూరు, బంగారుపాళెం మీదుగా మొగిలి ఘాట్ ఎక్కి వెనక్కి రావాలి. రానూ పోనూ సుమారు 200. కాస్త తగ్గితే ఊళ్ళో ఇంకో చుట్టు. చేతిలో ఉన్నది ఆరు నెలలు.

గడువు బీఆర్‌ఎం (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) లెక్కనే పెట్టుకున్నాం. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పెట్టిన నియమం ప్రకారం 200కి 13 గంటల 30 నిమిషాలు, 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. ఇందులో వయసుకు రాయితీ లేదు, పాతికేళ్ళ కుర్రాడికీ డెబ్బై ఏళ్ళ పెద్దాయనకూ ఒకటే గడియారం. అయితే లెక్క వేసి చూస్తే ఆ గడియారం అంత కఠినమైందేం కాదు. టీలు, టిఫిన్లు, పంక్చర్లు అన్నీ కలుపుకొని సగటున గంటకు 15 కి.మీ. కూడా అక్కర్లేదు. చక్రం తిరిగినంత సేపూ 19 మీద ఉంటే పదిన్నర గంటల్లో తొక్కడం అయిపోతుంది, ఆగడానికి మూడు గంటలు మిగులుతాయి. 17కి పడిపోతే మిగిలేది గంటా నలభై అయిదు నిమిషాలే. కాబట్టి ఈ వయసులో పెంచుకోవాల్సింది వేగం కాదు. సీటు మీద ఎక్కువ సేపు కూర్చోగలగాలి, తక్కువ సేపు ఆగాలి.

డైరీకి ఒకే ఒక నియమం. "ఈ రోజు ఎక్కాలనిపించలేదు" అని రాయొచ్చు, కానీ పక్కనే కారణం రాయాలి: నిద్ర, తిండి, ఒళ్ళు, సైకిల్, దారి, ఎండ, మనుషులు. వీటిలో ఏదో ఒకటి. "బద్ధకం" అని రాస్తే ఆ పేజీ చెల్లదు. బద్ధకానికి స్పానర్ పట్టదు. మిగతా ఏడింటికీ పడుతుంది.

జూలై, మొదటి వారం: ముందు మనిషి

బీపీ, ఈసీజీ, టీఎంటీ (నడిపిస్తూ తీసే గుండె పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), హిమోగ్లోబిన్, విటమిన్ డి. అరవై దాటిన మగవాళ్ళు పీఎస్‌ఏ (ప్రొస్టేట్ గ్రంథి రక్తపరీక్ష) కూడా చేయించుకుంటారు. ఆ రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు సైకిల్ ఎక్కకూడదు. సీటు ఒత్తిడికి అంకె పెరిగి, లేనిపోని కంగారు పుట్టే అవకాశం ఉంది.

మాత్రల పట్టీ డాక్టర్ ముందు పెట్టి మూడు ప్రశ్నలు అడగాలి. ఇందులో గుండె వేగాన్ని తగ్గించేవి ఉన్నాయా? (మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు.) ఒంట్లో నీరు లాగేసేవి ఉన్నాయా? షుగర్ ఉన్నట్టుండి పడిపోయేలా చేసేవి ఉన్నాయా? మూడో రకం వాడేవాళ్ళ జేబులో గ్లూకోజ్ పొడి ఎప్పుడూ ఉండాలి. మోతాదు మార్చడం డాక్టర్ పని, రైడర్‌ది కాదు.

గరిష్ఠ గుండె వేగానికి పాత సూత్రం 220లోంచి వయసు తీసేయడం. ఈ రైడర్‌కి 157 వస్తుంది. 2001 నాటి టనాకా సూత్రం 208లోంచి వయసుకు 0.7 రెట్లు తీసేస్తుంది. 164 వస్తుంది. రెండూ జనం సగటు మీద కట్టినవే, ఒక మనిషికి పది అటూ ఇటూ మామూలే. బీటా బ్లాకర్ వాడుతుంటే రెండూ పనికిరావు. అందుకే గుండె వేగం చూపే బెల్టూ వాచీ పక్కన పెట్టి తిరుపతి కొలత వాడాం: గోవింద నామాలు. తొక్కుతూ నామం వెంట నామం ఆగకుండా చెప్పగలిగితే తేలిక. ప్రతి "గోవిందా" దగ్గరా ఊపిరి తీసుకోవాల్సి వస్తే మధ్యస్థం. నామం మధ్యలో తెగిపోతే గట్టి. వారం మొత్తం తొక్కుడులో అయిదింట నాలుగు వంతులు మొదటి రకంగానే ఉండాలి.

ఈ నాలుగు వంతుల లెక్క ఊరికే పెట్టింది కాదు. ఫ్రాన్స్‌కు చెందిన రాబర్ట్ మర్షాన్ నూరేళ్ళు దాటాక గంట రికార్డుకి (ఒక గంటలో ఎంత దూరం తొక్కగలరన్న లెక్క) దిగి 2012లో 24.25 కి.మీ., 2014లో 26.927 కి.మీ. తొక్కారు. ఆ రెండేళ్ళలో ఆయన శిక్షణను పరిశోధకులు నమోదు చేశారు. దాదాపు 80 శాతం తేలిగ్గా, 20 శాతం గట్టిగా, ఏడాదికి 5,000 కి.మీ. ఒంటి ఆక్సిజన్ సామర్థ్యం (కిలో బరువుకు నిమిషానికి మి.లీ.లలో) 31 నుంచి 35కి పెరిగింది, 101 ఏళ్ళకీ 103 ఏళ్ళకీ మధ్య. 63 ఏళ్ళ మనిషి "ఇంకేం పెరుగుతుందిలే" అంటే ఈ పేజీ తెరిచి చూపిస్తాం.

ఛాతీ బిగుతు, దవడ లాగడం, కళ్ళు తిరగడం, మామూలు ఎత్తులో మామూలు కాని ఆయాసం, గుండె లయ తప్పినట్టు అనిపించడం: వీటిలో ఏది వచ్చినా ఆగి దిగడమే. ఇంటికి కూడా తొక్కుకుంటూ రాకూడదు, ఆటో పిలవాలి.

జూలై, రెండో వారం: గేర్లు

ముందు పళ్ళచక్రాలు 50/34 పళ్ళు, వెనక కేసెట్ (గేర్ చక్రాల దొంతర) 11-28 పళ్ళు, టైర్లు 25 మి.మీ. అన్నిటికంటే తేలిక గేర్ 34కి 28. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ 2.55 మీటర్లు పోతుంది. ఘాట్ మీద గంటకు 7 కి.మీ. వేగంతో ఎక్కుతుంటే నిమిషానికి 46 చుట్లు. ముప్పై అయిదేళ్ళప్పుడు దీన్ని బలం అనేవాళ్ళు. అరవై మూడులో ఇది మోకాలి చిప్ప వెనక నొప్పి, మర్నాడు "ఎక్కాలనిపించలేదు".

వెనక 34 పళ్ళు వేస్తే అదే 7 కి.మీ. దగ్గర 55 చుట్లు. ముందు కూడా 46/30 వేస్తే 62 చుట్లు, అది ఇంకా హాయి. కానీ 46/30కి క్రాంక్ మొత్తం మార్చాలి, ముందు డిరైలర్‌ని (చైన్‌ని ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదికి నెట్టే భాగం) కిందికి దించాలి. (బయటి పళ్ళచక్రానికీ దాని రేకుకూ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్లే ఖాళీ ఉండాలి.) ఫ్రేముకి అతికించిన బిళ్ళ మీద డిరైలర్ బిగించే రకమైతే అంత కిందికి దిగకపోవచ్చు. ముందు వెనక భాగమే మార్చి చూద్దామన్నది నిర్ణయం. ఖర్చు కూడా మూడో వంతు.

కొన్నవి: 8 స్పీడ్ 11-34 కేసెట్, లాంగ్ కేజ్ (చైన్ వదులు లాగే పొడవాటి చట్రం ఉన్న) వెనక డిరైలర్, కొత్త చైన్, లోపలి గేర్ కేబుల్. డిరైలర్ కొనేటప్పుడు రెండు అంకెలు చూడాలి. గరిష్ఠంగా ఎన్ని పళ్ళ చక్రం ఎక్కుతుంది అన్నది ఒకటి, మొత్తం ఎంత చైన్ వదులు లాగుతుంది అన్నది రెండు. రెండో అంకె లెక్క: ముందు తేడా 50-34 = 16, వెనక తేడా 34-11 = 23, కలిపి 39. డబ్బా మీద 39 గానీ అంతకు మించి గానీ ఉండాలి. పాత పొట్టి కేజ్ డిరైలర్ని అలాగే ఉంచి కేసెట్ ఒక్కటే మార్చి పంపించే షాపులు ఉన్నాయి. స్టాండ్ మీద తిరుగుతుంది, రోడ్డెక్కాక చిన్న చక్రాల్లో చైన్ వేలాడి ఫ్రేముని కొడుతుంది.

ఇంకో హెచ్చరిక. పాత 7 స్పీడ్ సైకిళ్ళలో చాలావాటికి కేసెట్ ఉండదు, హబ్‌కి మర తిప్పినట్టు తిప్పి ఎక్కించే ఫ్రీవీల్ ఉంటుంది. దానికి టూల్ వేరు, భాగాలు వేరు. చక్రం విప్పి చూడకుండా ఆర్డర్ పెట్టొద్దు.

పాత కేసెట్ తీయడానికి చైన్ విప్, లాక్‌రింగ్ టూల్, పెద్ద స్పానర్. కొత్తదాన్ని 40 న్యూటన్ మీటర్ల బిగువు దాకా తిప్పాలి. టార్క్ రెంచ్ లేకపోతే, చివర్లో గరగరమని పళ్ళు పడే శబ్దం నాలుగైదు సార్లు వినిపించాలి.

చైన్ పొడవు దగ్గరే ఎక్కువ మంది తప్పు చేస్తారు. చైన్‌ని డిరైలర్‌లోంచి పోనివ్వకుండా నేరుగా ముందు పెద్ద చక్రం మీదా వెనక పెద్ద చక్రం మీదా చుట్టాలి. రెండు కొసలూ ఎక్కడ కలుస్తాయో చూసి, దానికి ఒక అంగుళం, అంటే ఒక లోపలి లింకు, ఒక బయటి లింకు కలిపి కోయాలి. ఈ అంగుళం ఎందుకంటే, అలసిపోయి పొరపాటున 50కి 34 వేసేసినా చైన్ చాలాలి. చాలకపోతే డిరైలర్ ముందుకు లాక్కుపోయి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. చిత్తూరు దారిలో గాదంకి దగ్గర హ్యాంగర్ విరిగితే ఆ రోజుకి లగేజీ ఆటోనే గతి.

సెట్టింగ్ వరుస: ముందు కేబుల్ బిగించకుండా హెచ్, ఎల్ స్క్రూలు (డిరైలర్ రెండు వైపులా ఎంత దాకా జరగాలో ఆపేవి). తర్వాత కేబుల్. తర్వాత బీ స్క్రూ. 34 మీద ఉన్నప్పుడు పై పుల్లీ పళ్ళకూ చక్రం పళ్ళకూ మధ్య 5, 6 మిల్లీమీటర్లు కనిపించాలి. దగ్గరైతే గొణుగుతుంది, దూరమైతే గేర్ ఆలస్యంగా పడుతుంది.

పాత చైన్ "బాగానే ఉందిగా" అని ఒక రోజు కొత్త కేసెట్ మీద వేసి చూశాం. 12 అంగుళాల స్టీలు స్కేల్ పెడితే పిన్ను సరిగ్గా గీత మీద ఉండాల్సింది పోయి పదహారో వంతు అంగుళం దాటి ఉంది. అంటే 0.5 శాతం పైగా సాగింది. సాగిన చైన్ కొత్త కేసెట్‌ని తన కొలతకు అరగదీస్తుంది. పక్కన పడేశాం.

బ్రేకులు రిమ్ పట్టే రకం కాబట్టి 28 కంటే లావు టైర్ దూరదు. 28 వేసి, గాలి ఒత్తిడి ముందు 65, వెనక 75 పీఎస్‌ఐ. తెల్లవారుజామున పెట్టిన గాలి మధ్యాహ్నానికి 4, 5 పీఎస్‌ఐ పెరుగుతుంది. దానికి భయపడి ముందే తగ్గించక్కర్లేదు.

జూలై ఆఖరు: సీటు, హ్యాండిల్

కాళ్ళ లోపలి కొలత (గోడకు ఆనుకొని, రెండు కాళ్ళ మధ్య లావు పుస్తకం ఇరికించి, నేల నుంచి పుస్తకం పైఅంచు దాకా) 80 సెం.మీ. దాన్ని 0.883తో హెచ్చిస్తే 70.6. క్రాంక్ మధ్య నుంచి సీటు పైదాకా ఇంత. తొడ వెనక నరాలు బిగిసిన వయసులో దీనికి 3 నుంచి 5 మిల్లీమీటర్లు తగ్గించి మొదలుపెట్టడమే మంచిది. ఎత్తు ఎక్కువైతే నడుం అటూ ఇటూ ఊగుతుంది, మోకాలి వెనక నొప్పి. తక్కువైతే మోకాలి ముందు నొప్పి. నొప్పి ఎక్కడుందో చూసి సీటు ఎటు కదపాలో చెప్పొచ్చు.

హ్యాండిల్ సీటు కంటే 7 సెం.మీ. కిందుంది. ఫోర్క్ గొట్టం ఎప్పుడో కోసేశారు, స్పేసర్లు వేయడానికి చోటు లేదు. 100 మి.మీ. కిందికి వంగిన స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్ గొట్టానికి కలిపే ముక్క) తీసి, 80 మి.మీ. 17 డిగ్రీలు పైకి లేచింది వేశాం. దాంతో హ్యాండిల్ రెండున్నర సెం.మీ. పైకి, మూడు సెం.మీ. దగ్గరికి వచ్చింది. బిగించే వరుస తప్పితే హెడ్‌సెట్ (ఫోర్క్ తిరిగే బేరింగులు) లూజుగా ఉండిపోతుంది. ముందు పై మూత బోల్టుతో ఆట తీసేయాలి, తర్వాతే పక్క బోల్టులు 5 న్యూటన్ మీటర్లు.

చిటికెన వేలు, పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతి అంచున నరం నలుగుతోందని. అందరూ చేసే పొరపాటు సీటు ముక్కు కిందికి దించడం. అప్పుడు ఒళ్ళు ముందుకు జారి బరువంతా చేతుల మీదే పడుతుంది. సీటు మట్టంగా పెట్టి, హ్యాండిల్‌కి టేపు రెండు చుట్లు చుట్టాం.

సీటు వెడల్పు కొలవడానికి డబ్బా అట్ట చాలు. గట్టి స్టూల్ మీద అట్ట వేసి, దాని మీద కూర్చొని, మడమలు పైకెత్తి ఒక నిమిషం ఉండాలి. లేచి అట్టను వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే రెండు గుంటలు కనిపిస్తాయి. పెన్సిల్‌తో రుద్దితే ఇంకా బాగా తేలతాయి. గుంటల నడుమ దూరం 118 మి.మీ. వచ్చింది. దానికి 20, 25 కలిపితే సుమారు 140. వాడుతున్న సీటు 130. మధ్యలో గాడి ఉన్న 143 తెచ్చాం. మెత్తటి జెల్ కవర్ మాత్రం వద్దు. గంట దాకా బాగుంటుంది, తర్వాత ఎముకలు దిగబడి మెత్తదనమంతా ఒత్తుకోకూడని చోట ఒత్తుతుంది.

కళ్ళద్దాలు ప్రోగ్రెసివ్ అయితే ఒక చిక్కు ఉంది. వంగి తొక్కేటప్పుడు చూపు అద్దం పైఅంచుదాకా పోతుంది, మీటర్ మాత్రం మసకగా కనిపిస్తుంది. హ్యాండిల్ లేచాక సగం తీరింది. మిగతా సగానికి మీటర్‌లో అక్షరాలు పెద్దవి చేయడమే.

ఆగస్టు: మూడు రోజులు చాలు

మంగళవారం చంద్రగిరి కోట, శ్రీనివాస మంగాపురం చుట్టూ ముప్పై, తేలిగ్గా. గురువారం గట్టిది: ఏదైనా ఎత్తు మీద నాలుగు నిమిషాలు ఎక్కడం, నాలుగు నిమిషాలు విశ్రాంతి, నాలుగు సార్లు. ఆదివారం పొడవుది, 40తో మొదలై వారానికి అయిదో పదో పెంచుతూ. ప్రతి నాలుగో వారం ఆదివారాన్ని అరవై శాతానికి తగ్గించాలి. గట్టి తొక్కుడు తర్వాత 48 గంటలు ఇంకో గట్టిది వద్దు. యువకులకి ఒక రాత్రి నిద్రలో తేరుకునే కండ అరవై దాటాక రెండు రాత్రులు అడుగుతుంది.

చెమట లెక్క ఒకసారి తీసి పెట్టుకుంటే ఏడాదంతా పనికొస్తుంది. ఆదివారం బయల్దేరే ముందు 68.2 కిలోలు. రెండున్నర గంటల తర్వాత 66.9. మధ్యలో తాగింది లీటరున్నర. పోయింది 1.3, తాగింది 1.5, మొత్తం 2.8 లీటర్లు. అంటే గంటకు 1.1. అంతా తాగాలని కాదు. బరువులో రెండు శాతం, ఈ రైడర్‌కి 1.4 కిలో, అంతకంటే ఎక్కువ తగ్గకపోతే చాలు. పోయినదానికంటే ఎక్కువ ఉత్త నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పలచనై తలనొప్పి, వికారం, ఇంకా పోతే ప్రమాదం.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీటికి కొలిచింది. సైకిల్ సీసా 750 మి.లీ. మొత్తం పొడి అందులో పోసి చిక్కగా తాగి, కడుపు తిప్పి, "ఓఆర్‌ఎస్ నాకు పడదు" అనేవాళ్ళే ఎక్కువ. లీటరు సీసా కొన్నాం. ప్యాకెట్ లేనప్పుడు లీటరుకి అర టీస్పూన్ ఉప్పు, ఆరు టీస్పూన్ల చక్కెర. ఇంట్లో ఉన్నప్పుడైతే ఉప్పేసిన పల్చటి మజ్జిగ.

సెప్టెంబర్: కారణాల వారం

పదిహేను రోజుల్లో నాలుగు "ఎక్కాలనిపించలేదు"లు. కారణాలు వెతికాం.

మొదటిది మీటర్. 22 చూపించాల్సిన చోట 18. పదేళ్ళ కిందటి రికార్డులు ఫోన్ యాప్‌లో అలాగే ఉన్నాయి, ప్రతి రైడ్ తర్వాత అవే పక్కన పెట్టి చూపిస్తుంది. మందు: మీటర్‌లో వేగం గడి మీద నల్ల టేపు. యాప్‌లో పాత ఏళ్ళ పోలిక ఆపేయడం. దాని బదులు గోడ మీద క్యాలెండర్‌లో రెండు అంకెలు: ఈ వారం ఎన్ని గంటలు సీటు మీద, ఒకే ఎత్తు ఎక్కేటప్పుడు ఎన్నో నామం దగ్గర ఊపిరి తెగింది. రెండో అంకె పెరుగుతుంటే కనిపిస్తుంది, వేగం పెరగకపోయినా.

రెండోది మనుషులు. ఆదివారం కుర్రాళ్ళ గుంపుతో బయల్దేరి, మొదటి పది కిలోమీటర్లలోనే నామాలు తెగిపోయి, ఆ తర్వాత ఒంటరిగా. పదిమందిలో వెనకబడటం అలసట కాదు, అవమానం. మర్నాడు సైకిల్ దింపనివ్వనిది అదే. పరిష్కారం చాలా చిన్నది: పెద్దాయన ముప్పై నిమిషాలు ముందు బయల్దేరతారు, అందరూ టిఫిన్ దగ్గర కలుస్తారు. ఇప్పుడు వెనక నుంచి వచ్చి దాటేవాళ్ళు "అన్నా, ముందుకు పో, టీ చెప్పు" అని కేకేసి పోతారు. తేడా అంతా ఆ కేకలో ఉంది.

మూడోది కుక్కలు. తెల్లవారుజామున ఒక వీధి మలుపులో నాలుగు. పారిపోతే తరుముతాయి. దిగి, సైకిల్ని కుక్కకీ మనకీ మధ్య పెట్టి, నడుస్తూ దాటాలి. అంతకంటే తేలిక, దారి మార్చుకోవడం. మార్చాం. ఒక మూల కోసం ఆరు వారాలుగా మనసు వెనక్కి లాగుతోందని రాసుకుంటే తప్ప తెలియలేదు.

నాలుగోది నిద్ర. రాత్రి పదకొండు దాకా టీవీ. దానికి మా దగ్గర మందు లేదు.

అక్టోబర్: బియ్యం సంచి

సైకిల్ గుండెకు మంచిది, ఎముకకు కాదు. ఒంటి బరువు సీటు మోస్తుంది కాబట్టి వెన్ను, తుంటి ఎముకలకు పని పడదు. ఏళ్ళ తరబడి సైకిలే తొక్కేవాళ్ళలో వెన్నెముక సాంద్రత తక్కువ ఉండటం పరిశోధనల్లో కనిపించిన సంగతే. అందుకని వారానికి రెండుసార్లు: కుర్చీలోంచి చేతులు పట్టకుండా పదిసార్లు లేవడం, మూడు విడతలు. పది కిలోల బియ్యం సంచి నడుం వంచకుండా, తుంటి దగ్గర మడిచి నేల నుంచి ఎత్తడం, ఎనిమిదిసార్లు. ఒంటి కాలి మీద నిలబడటం, పళ్ళు తోముకుంటూ.

నెలకోసారి అలిపిరి మెట్లు. మొత్తం 3,550. ఎక్కడం సైకిల్ కాళ్ళకు తేలిగ్గానే ఉంటుంది. దిగడమే చేటు. దిగేటప్పుడు తొడ కండ సాగుతూ బరువు ఆపాలి, సైకిల్‌లో అలాంటి పని ఎప్పుడూ ఉండదు, మూడు రోజులు మెట్లు చూస్తేనే భయం వేస్తుంది. భక్తులు చేసేదే సరైన పద్ధతి: ఎక్కేది నడిచి, దిగేది బస్సులో.

తిండిలో లోటు మాంసకృత్తులది. పెద్ద వయసువాళ్ళకి కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాములు అంటారు. 68 కిలోలకు రోజుకు 68 నుంచి 82 గ్రాములు. రాసి చూస్తే తింటున్నది నలభై చిల్లర. పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం సంకటీ పులుసూ, రాత్రి చపాతీ. సంకటి తప్పు కాదు, దాని పక్కన ఉన్నది పల్చన. పొద్దున రెండు గుడ్లు లేదా పెసరట్టు, మధ్యాహ్నం గట్టి పప్పు, సాయంత్రం గుప్పెడు ఉడకబెట్టిన శెనక్కాయలు, రాత్రి గ్లాసు పాలు. ఇంకా చాలకపోతే సంకటిలోకి కోడి పులుసు. ఈ జిల్లాలో దానికి ఒప్పించాల్సిన పని లేదు.

నవంబర్: వాన

ఈశాన్య రుతుపవనం. పదకొండు రోజులు రోడ్డెక్కలేదు. 2021 నవంబర్‌లో తిరుపతిలో వచ్చిన వరద చూసినవాళ్ళెవరూ పారే నీళ్ళలో సైకిల్ దించరు. స్వర్ణముఖి మీద లోతట్టు కాజ్‌వేల దగ్గర ముఖ్యంగా. ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలు మెట్లు, బియ్యం సంచి. తగ్గకుండా ఉండటానికి ఇది చాలు, పెరగడానికి చాలదు.

తడి రోడ్డు మీద తొక్కిన ప్రతిసారీ: బ్రేక్ రబ్బర్లలో ఇరుక్కున్న ఇసుక రేణువులు సూదితో తీయాలి, లేదంటే అవి రిమ్‌ని గీస్తాయి. చైన్ తుడిచి, ఒక్కో రోలర్‌కి ఒక్కో చుక్క నూనె, పది నిమిషాలాగి మళ్ళీ తుడవాలి. పైన మెరిసే నూనె దుమ్ము పట్టడానికే.

డిసెంబర్: కాణిపాకం దాకా

రిహార్సల్, రానూ పోనూ సుమారు 140. మూడు తప్పులు దొరికాయి.

పంక్చర్ వెనక చక్రానికి. ట్యూబ్ మార్చాక మూడు కిలోమీటర్లకు మళ్ళీ. హైవే అంచున పంక్చర్లు ఎక్కువగా చేసేది మేకు కాదు, పేలిన లారీ టైర్లలోంచి రాలే తీగ, వెంట్రుక మందం. బయటి నుంచి కనపడదు. టైర్ లోపలివైపు వేలితో తడిమితే వేలు కోసుకుంటుంది, అయినా ఒక్కోసారి తగలదు. చిన్న దూది ఉండ తీసుకొని లోపలంతా మెల్లగా లాగాలి, పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ. ట్యూబ్‌లో కన్నం వాల్వ్ నుంచి ఎంత దూరంలో ఉందో టైర్ మీద కూడా అంతే దూరం చూస్తే వెతుకులాట తగ్గుతుంది. అందుకే టైర్ మీద పేరు ఉన్న చోటే వాల్వ్ వచ్చేలా ఎక్కించాలి. తీగను గోరుతో లాగలేం, చిన్న పట్టకారు కావాలి. టూల్ సంచిలో చేరింది. పల్లెదారుల్లో అయితే పల్లేరుగాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. అవి కనపడతాయి, పాపం.

రెండో తప్పు చిత్తూరులో ఫుల్ మీల్స్. గంటా ఇరవై నిమిషాల ఆగడం, తర్వాత గంటసేపు కాళ్ళు లేవు. గంటకు 40 గ్రాముల పిండిపదార్థం చాలు: ఒక అరటిపండు, ఒక చిక్కీ ముక్క. ఇరవై నిమిషాల టిఫిన్ ఒకటి, పెరుగన్నం ఒకటి.

మూడోది చివరి ముప్పైలో మెడ. మెడకు అద్దం మందు: హ్యాండిల్ చివర చిన్న అద్దం బిగిస్తే వెనక్కి తిప్పి చూసే పని పోతుంది.

జనవరి: పలక మీద రాసిన వేళలు

ముందు పది రోజులు దూరం సగం. రోజులు తగ్గించలేదు, కిలోమీటర్లే తగ్గించాం. కొత్త సీటు, కొత్త బూట్లు, కొత్త తిండి ఏవీ ఈ పది రోజుల్లో వద్దు.

5:00 తిరుపతి. ముందు వెనక లైట్లు, మెరిసే జాకెట్. చలి ఉంటుంది, చిత్తూరు దాకా విప్పకుండా వేసుకునే పల్చటి చొక్కా.
గాదంకి దగ్గర టిఫిన్, 20 నిమిషాలు.
9:15 చిత్తూరు. నీళ్ళు.
11:40 మొగిలి ఘాట్ పైన. చిత్తూరు కంటే పలమనేరు సుమారు 350 మీటర్లు ఎత్తు. 34కి 34, నామాలు ఆగకుండా. పలమనేరు వైపు కౌండిన్య అడవి, ఏనుగులు రోడ్డు దాటే దారి. పట్టపగలు మాత్రమే ఇక్కడ ఉండేలా వేళలు పెట్టింది అందుకే.
13:30 చిత్తూరు. పెరుగన్నం, అరగంట.
17:50 తిరుపతి. మొత్తం 12 గంటల 50 నిమిషాలు, చేతిలో 40 నిమిషాలు.

నిజంగా అయింది 13 గంటల 5 నిమిషాలు. పదిహేను నిమిషాలు ఎక్కడ పోయాయంటే: బంగారుపాళెం దాటాక ఎదురుగాలి కొంత, గాదంకి టిఫిన్ దగ్గర ఆర్డర్ ఆలస్యం కొంత. మోకాలు మామూలు. ఎడమ చిటికెన వేలు ఆఖరి గంటలో తిమ్మిరి, ఆ వైపు హ్యాండిల్ లివర్ 3 మి.మీ. పైకి జరపాలి.

మర్నాడు నడక, ఆ తర్వాత మూడు రోజులు సెలవు. చైన్ స్కేల్ మీద పెడితే సాగుదల ఇంకా కనిపించలేదు. కేసెట్‌లో 34 చక్రం మీదే ఎక్కువ మసి. ముందు టైర్ విప్పి దూది లాగితే ఇంకో తీగ దొరికింది, ట్యూబ్ దాకా చేరలేదు. పట్టకారుతో తీసి, డబ్బాలో పాతదాని పక్కన వేశాం.